అంతఃపుర కుట్రలున్న అనిమే ఎపిసోడ్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ ఎలా రాయాలి?

ముసుగు మనిషి ముఖం తెరమీద కనబడకముందే, ఆ ముసుగు వెనకున్నది ఆడో మగో సబ్‌టైటిల్ చెప్పేస్తుంది. తెలుగు సబ్‌టైటిల్స్‌లో నాకు పదేపదే కనిపించే తప్పు ఇదే. మామూలు కథల్లో పెద్ద నష్టం లేదు. విషప్రయోగాలు, మారువేషాలు, మనిషిని రాత్రికి రాత్రి మాయం చెయ్యడాలు ఉన్న అంతఃపుర కథలో మాత్రం ఎపిసోడ్ మొత్తం పాడవుతుంది. ఇలాంటి ఎపిసోడ్లు చాలా చేశాను కాబట్టి నా పద్ధతి చెబుతాను. ఉదాహరణకి ‘ది అపాతికరీ డైరీస్’ అనే అనిమే, అంటే జపనీస్ యానిమేషన్ సిరీస్, తీసుకుంటాను. 2023 అక్టోబర్‌లో మొదలైన ఈ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనే హీరోయిన్ మావోమావోని ఎత్తుకెళ్ళి అంతఃపురానికి పనిమనిషిగా అమ్మేస్తారు.

కావలసినవి

కంప్యూటర్, మంచి ఇయర్‌ఫోన్స్, సబ్‌టైటిల్స్ రాయడానికి ఏజిసబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, మీకు అలవాటైన తెలుగు కీబోర్డు. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు చాలు. ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యండి, లేకపోతే తెలుగు బదులు గళ్ళు కనిపిస్తాయి. ఎపిసోడ్‌ని హక్కులున్న చోటే చూడండి, అనుమతి లేకుండా వీడియోని ఎవరికీ పంచకండి.

1. రెండుసార్లు చూడండి

మొదటిసారి ఏమీ టైప్ చెయ్యొద్దు. రెండోసారి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరికి ఏ విషయం ఇంకా తెలియదో కాగితం మీద రాసుకోండి. సిరీస్‌లో తర్వాతి ఎపిసోడ్లు వచ్చేసి ఉంటే అవి కూడా చూడాలి. దోషి ఎవరో తెలియకుండా సబ్‌టైటిల్ రాయడం మొదలుపెట్టకూడదు.

2. టైమింగ్

ఒక సబ్‌టైటిల్ రెండు వరుసలు దాటకూడదు, ఏడు సెకన్లు మించి నిలవకూడదు. వరుసకి 42 అక్షరాలు అనే లెక్క చాలాచోట్ల వాడతారు, కానీ దాన్ని తెలుగుకి యథాతథంగా నమ్మొద్దు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. నేను వరుసకి ఐదు మాటలు దాటనివ్వను. ఒత్తులు కింద తెగిపోకుండా అడుగున కాస్త ఖాళీ ఉంచండి.

3. పేర్లు, పిలుపులు

పేర్లు చెవికి వినిపించినట్టే రాయాలి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో ‘లిహువా’ అని ఉన్న రాణిని జపనీస్ నటులు ‘రిఫా’ అంటారు. చెవికి ఒకటి వినిపిస్తూ కంటికి ఇంకొకటి కనిపిస్తే ప్రేక్షకుడు తికమక పడతాడు. రాణుల్ని రాణులనే రాయండి, ‘పట్టపురాణి’ అనొద్దు. కథ మొదట్లో ఆ స్థానం ఖాళీగా ఉంది, కుట్రల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి. అంతఃపుర వ్యవహారాలు చూసే జిన్షి అనే పాత్రని ‘కంచుకి’ అని రాసినవాళ్ళని చూశాను. సంస్కృత నాటకాల్లో కంచుకి అంటే చేతికర్ర పట్టుకున్న ముసలి బ్రాహ్మణ ఉద్యోగి. అందానికి రాణులే తలతిప్పి చూసే యువకుడికి ఆ మాట ఎలా నప్పుతుంది? మొదటిసారి ‘నపుంసక అధికారి’ అని, తర్వాత ఉత్త ‘అధికారి’ అని రాస్తే సరిపోతుంది. వీధిలో తిట్టుగా వాడే మాటలు అసలు వద్దు.

పాత జానపద సినిమాల్లోలా ‘విచ్చేసితిరా’, ‘సెలవిండు’ అనే భాష కూడా వద్దు. కుట్ర గుసగుసల్లో నడుస్తుంది. అంత గంభీరంగా గుసగుసలాడేవాళ్ళు ఎక్కడా ఉండరు. అలాగే అంతఃపురంలో ఎవరినీ ‘కిడ్నాప్ చెయ్యరు’, ‘ఎత్తుకెళ్తారు’.

నువ్వు, మీరు విషయంలో ఒక్కటి తప్పకుండా పాటించండి. ఈ సిరీస్ జపనీస్ పేరు ‘కుసురియా నో హితోరిగోతో’, అంటే మందులమ్మే మనిషి తనలో తాను మాట్లాడుకునే మాటలు. మావోమావో పైకి ఎంత వినయంగా ఉంటుందో లోపల అంత నిర్మొహమాటంగా ఉంటుంది. అందుకని జిన్షితో మాట్లాడేటప్పుడు ‘మీరు అన్నారు కదా’ అనాలి, అదే నిమిషంలో మనసులో ‘మళ్ళీ వచ్చాడు’ అనుకోవాలి. రెండుచోట్లా ‘వచ్చారు’ అని రాస్తే ఆ పిల్ల స్వభావమే మాయమవుతుంది.

4. ఎత్తుకెళ్ళింది ఎవరు?

అసలు కష్టం ఇక్కడుంది, తొందరపడకండి.

జపనీస్‌లో ‘త్సురేతే ఇత్తా’ అంటే ఎవరో ఒకరు తీసుకెళ్ళారు అని మాత్రమే తెలుస్తుంది. కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది, క్రియలో ఆడా మగా తేడా ఉండదు. తెలుగులో క్రియ ఊరుకోదు. తీసుకెళ్ళాడు, తీసుకెళ్ళింది, తీసుకెళ్ళారు, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకుని తీరాలి. ఆ ఎంపికతోనే రహస్యం బయటపడుతుంది, లేదా ప్రేక్షకుడికి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఒక ఎపిసోడ్‌లో ముసుగు మనిషి గురించి నేను అలవాటుగా ‘వచ్చాడు’ అని రాశాను. చివర్లో ఆ మనిషి ఆడది అని తేలింది. మా చెల్లెలు కథ రాసినవాళ్ళు మోసం చేశారని కోపగించుకుంది. మోసం కథలో లేదు, నేను రాసిన ఒక్క ‘డు’లో ఉంది. ఆ ఎపిసోడ్ మళ్ళీ మొదటి నుంచి రాశాను.

మొదట చూడాల్సింది మాట్లాడుతున్న పాత్రకి ఏం తెలుసు అన్నది. కాపలావాడు వచ్చినవాడు మగవాడే అని నమ్ముతుంటే ‘వచ్చాడు’ అనే రాయాలి. ఆ పొరపాటు కాపలావాడిది, మీది కాదు. వచ్చినవాళ్ళని ఎవరూ చూడనప్పుడు మాత్రం మీరు జాగ్రత్తపడాలి.

రెండో సీజన్‌లో మావోమావో అంతఃపురం లోపలి నుంచే మాయమవుతుంది. వెనక ఎవరున్నారో చూడనివాళ్ళ కోసం చెప్పను. అక్కడ మొదటి వాక్యం సులువు. ‘ఎవరో తీసుకెళ్ళారు’ సహజమైన తెలుగే. కానీ ప్రతి వాక్యానికీ ‘ఎవరో’ పెట్టలేం. అది తీసేసి ఉత్త ‘తీసుకెళ్ళారు’ అంటే ఒకచోట గుంపుగా వచ్చారేమో అనిపిస్తుంది, ఇంకోచోట దొంగకి మర్యాద ఇస్తున్నట్టు ఉంటుంది.

నేను చేసే పని ఏమిటంటే, తెలియని మనిషిని కర్త స్థానం నుంచి తప్పిస్తాను. ‘కత్తి పట్టుకున్నాడు’ అనకుండా ‘ఆ చేతిలో కత్తి ఉంది’ అంటాను. ‘గోడ దూకింది’ అనకుండా ‘గోడ దూకడం చూశాను’ అంటాను. మన భాషలో ఆడా మగా చెప్పని క్రియలు కూడా కొన్ని ఉన్నాయి, వాటిని వాడుకోండి. ‘రాలేదు’, ‘చూడలేదు’ ఎవరికైనా ఒకటే. ‘వెళ్ళి ఉండొచ్చు’, ‘ముందే తెలిసి ఉండాలి’ కూడా అంతే. ‘తలుపు తీసింది లోపలి మనిషే అయ్యుండాలి’ అంటే అనుమానం ఉంటుంది, ఆచూకీ ఉండదు. అనుమానించే మనిషి నిజంగా అలాగే మాట్లాడతారు కూడా.

మారువేషంలో ఉన్న పాత్ర తన గురించి తాను చెప్పుకునేటప్పుడు తెలుగు మన పక్షాన ఉంటుంది. ‘నేను వచ్చాను’లో ఆడా మగా తెలియదు. హిందీలో అదే ‘ఆయా’, ‘ఆయీ’ అని విడిపోతుంది, హిందీ సబ్‌టైటిల్ ముందు పెట్టుకుని తెలుగు రాయొద్దని నేను చెప్పే కారణాల్లో ఇదొకటి. కానీ ‘పనిదాన్ని’, ‘పనివాణ్ణి’ అన్నారో, దొరికిపోయినట్టే. ‘ఇక్కడ పని చేస్తాను’ అనండి.

ఉత్తరాల దగ్గర ఇంకా జాగ్రత్త. మొదటి ఎపిసోడ్‌లో ఇద్దరు రాణుల కిటికీల దగ్గర పేరులేని చీటీ కనిపిస్తుంది. ముఖానికి పూసే పౌడర్ విషం, దాన్ని బిడ్డకి తగలనివ్వొద్దు అని అందులో ఉంటుంది. ఒక రాణికి కొడుకు, ఇంకో రాణికి కూతురు. ‘బాబు’ అన్నా ‘పాప’ అన్నా చీటీ ఒకరికే రాసినట్టవుతుంది, కాబట్టి ‘బిడ్డ’ తప్ప వేరే మాట కుదరదు. చీటీ గురించి జిన్షి ఆరా తీసే చోట ‘రాసినవాడు’, ‘రాసిన పిల్ల’ రెండూ వద్దు. ‘ఇది ఎవరి చేతిరాత?’ అంటే చాలు. రాసింది మావోమావో అని మనకి ముందే తెలుసు, జిన్షికి తెలియదు. మన క్రియ అతని కంటే ముందు నడవకూడదు. తర్వాత చదువు వచ్చినవాళ్ళని పట్టుకోవడానికి అతను పనిమనుషులందరి ముందు ఒక రాతని చూపిస్తాడు. మచ్చల ముఖం పిల్ల అక్కడే ఉండిపోవాలని అందులో ఉంటుంది. అది చదివి ఆగిపోయి మావోమావో దొరికిపోతుంది. ‘పిల్ల’ అన్న మాట సబ్‌టైటిల్‌లో మొదటిసారి ఆ రాతలోనే కనిపించాలి.

5. పరీక్ష

ఎపిసోడ్ చూడనివాళ్ళని ఒకరిని కూర్చోబెట్టండి, అనిమే అలవాటు లేనివాళ్ళయితే ఇంకా మంచిది. గుట్టు విప్పే సన్నివేశానికి నిమిషం ముందు ఆపి, ‘తీసుకెళ్ళింది ఎవరనుకుంటున్నావు?’ అని అడగండి. వాళ్ళు ఎవరి పేరైనా చెప్పొచ్చు, ఆ పేరు తప్పో ఒప్పో పట్టించుకోకండి. ‘ఎందుకలా అనుకున్నావు?’ అని మాత్రం తప్పక అడగండి. ఎవరి చూపో, గొంతో, ఆలస్యంగా వచ్చిన కబురో చెబితే మీ పని సరిగ్గా ఉన్నట్టు. ‘కింద అలా రాసి ఉంది కదా’ అంటే మళ్ళీ నాలుగో దశకి వెళ్ళండి.