ఐవీఎఫ్‌కి ముందు షుగర్ జాగ్రత్తలు: ‘పాజిటివ్ వచ్చాక చూద్దాం’ అనకండి

2025 జూన్‌లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. బరువు, షుగర్ తగ్గించే వారపు ఇంజెక్షన్లు వాడుతూ గర్భం తెచ్చుకోవద్దు, సెమాగ్లూటైడ్‌ను రెండు నెలల ముందు, టిర్జెపటైడ్‌ను ఒక నెల ముందు ఆపాలి అని. జనం చెవిన పడింది ‘ఆపాలి’ అన్న మాటొక్కటే. ఆపిన ఆ రెండు నెలల్లో షుగర్ ఏమవుతుందని అడిగేవాళ్లు తక్కువ. చప్పుడు చేయకుండా పైకి పోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఐవీఎఫ్ సైకిల్ (అండాలు బయటికి తీసి ల్యాబ్‌లో పిండం తయారుచేసే చికిత్సలో ఒక విడత) మొదలవుతుంది.

బరువు తగ్గాలి, నడవాలి, తీపి మానాలి లాంటివి మీరు ఇప్పటికే వందసార్లు విని ఉంటారు. ఇక్కడ వాటి జోలికి పోవట్లేదు.

అసలు తప్పు ఏది

‘ముందు పాజిటివ్ రానీ, షుగర్ సంగతి తర్వాత చూద్దాం.’ నిలువునా ముంచే మాట ఇదే. ఎందుకో రోజులు లెక్కపెట్టి చూడండి.

అండాలు తీసిన రోజును సున్నా అనుకుందాం. అయిదో రోజున పిండాన్ని గర్భసంచిలో పెడతారు. 14వ రోజు అటూ ఇటూగా గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. బిడ్డ గుండె నాలుగో వారంలోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం 28వ రోజుకల్లా మూసుకుపోవాలి. అంటే పాజిటివ్ అని ఫోన్ వచ్చే రోజుకి మీ చేతిలో మిగిలేది రెండు వారాలు. మూడు నెలల షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, రెండు వారాల్లో దిగదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ పరీక్ష చూపేది ఆ కణాలకు పట్టిన చక్కెరనే. అండం చివరి దశ ఎదుగుదలకూ సుమారు మూడు నెలలే పడుతుంది. అందుకే ఏ పనైనా మూడు నెలల ముందే మొదలవ్వాలి.

షుగర్ ఎక్కువగా ఉండగా గర్భం వస్తే గుండె, వెన్నుపాము లోపాలు, అబార్షన్ ముప్పు పెరుగుతాయి. పిండానికి మంచి గ్రేడు వచ్చినంత మాత్రాన ఇవి మాఫీ కావు. గ్రేడు చెప్పేది ల్యాబ్‌లో పిండం ఎలా కనిపించిందో మాత్రమే. ‘మా పిండాలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి, ఇక షుగర్‌తో పనేంటి’ అనేవాళ్లూ ఉంటారు. ఆ పిండం పెరగాల్సింది మీ రక్తం మీదే కదా.

పరీక్షలు

పరగడుపు షుగర్ 92 వచ్చిందని ఊపిరి పీల్చుకోకండి. పీసీఓఎస్‌లో (అండాశయాల్లో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) క్లోమం రెట్టింపు ఇన్సులిన్ పోసి ఆ 92ని నిలబెడుతూ ఉండొచ్చు. ఆ అదనపు ఇన్సులినే అండాశయంలో మగ హార్మోన్లను పెంచి, అండం విడుదలను చెడగొడుతుంది. పీసీఓఎస్ ఉంటే, సన్నగా ఉన్నా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకు చేసే పరీక్షే అన్నిటికన్నా కచ్చితం అని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు గంటల విలువ 140 లోపు ఉంటే సరే. 140 నుంచి 199 వరకు ప్రీడయాబెటిస్. 200 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ వ్యాధి కిందే లెక్క.

హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపుకి వచ్చాక గర్భానికి సిద్ధపడటం మంచిది. 10 దాటి ఉంటే ఆ సైకిల్ వాయిదా వేయాల్సిందే. రక్తహీనత ఉన్నప్పుడు ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది. ఐరన్ లోపంలో అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది, ఈమధ్య రక్తం పోయినా ఎక్కించుకున్నా తక్కువ చూపించవచ్చు. కాబట్టి హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకుని చదవాలి. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లు కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బను పట్టించే ప్రోటీన్) కూడా ముందే చూపించుకోవాలి. షుగర్‌ని ఒక్కసారిగా దించితే పాత రెటీనా దెబ్బ కొన్నాళ్లు ముదరవచ్చు. బీపీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) సరేసరి.

బరువు, వయసు

2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ట్రయల్‌లో, అధిక బరువున్న మహిళలకు చికిత్సకు ముందు ఆరు నెలలు ఆహార, వ్యాయామ కార్యక్రమం నడిపారు. నెలలు నిండి, సహజ కాన్పుతో పుట్టిన ఆరోగ్యకరమైన ఒంటి బిడ్డల సంఖ్య పెరగలేదు. కాబట్టి 38 ఏళ్ల మనిషిని ‘పది కిలోలు తగ్గి రా’ అని ఏడాది తిప్పడం అన్యాయం, ఆ ఏడాదిలో పోయిన అండాలు తిరిగిరావు. కానీ హెచ్‌బీఏ1సీ బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఆగాలి. బరువు వేరు, షుగర్ వేరు. వయసు తరుముతుంటే మధ్యేమార్గం ఉంది. మత్తుకు తట్టుకునే స్థితి ఉంటే ముందు అండాలు తీసి పిండాలు ఫ్రీజ్ చేయించి, షుగర్ దారికొచ్చాక ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) పెట్టుకోవచ్చు. మళ్లీ చెబుతున్నా, ట్రాన్స్‌ఫర్‌కి ముందు. పాజిటివ్ వచ్చాక కాదు.

ఇక మందులు, మిగతావి

వారపు ఇంజెక్షన్ ఆపే రోజే దాని బదులు ఏం వాడాలో రాయించుకోండి. మెట్‌ఫార్మినా, ఇన్సులినా, ఎంత మోతాదు? కాగితం మీద లేకపోతే ఆపొద్దు, సైకిలూ మొదలుపెట్టొద్దు.

టిర్జెపటైడ్ వాడే రోజుల్లో గర్భనిరోధక మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే అండాలు తీసే రోజుకి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఇవి ఒంట్లో ఉండగా ఉపవాసం చేస్తే మీటర్ 160 చూపిస్తున్నా రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు. వాంతులు, ఆయాసం వస్తాయి, మీటర్ చూసి ‘షుగర్ బాగానే ఉంది’ అనుకుంటారు. గర్భంలో ఎలాగూ పనికిరావు, ముందే మార్పించుకోండి.

వారపు ఇంజెక్షన్ ఇంకా ఒంట్లో ఉంటే మత్తు డాక్టర్‌కి చెప్పండి. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మత్తులో తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోగలదు.

బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతున్నారా? పాజిటివ్ వచ్చాక కాదు, ఇప్పుడే మార్పించండి. వాటి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్ ఉన్నాయి.

అవాంఛిత రోమాలకు వాడే స్పిరనోలాక్టోన్ ఆపించండి.

ఫోలిక్ యాసిడ్ మూడు నెలల ముందు నుంచి. మామూలుగా 400 మైక్రోగ్రాములు, షుగర్ ఉన్నవాళ్లకు సాధారణంగా 5 మిల్లీగ్రాములు రాస్తారు.

చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ మీద ఉంటే బీ12 చూపించుకోండి.

థైరాయిడ్ మాత్రకూ ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటలు.

ట్రాన్స్‌ఫర్ చుట్టూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాస్తే ఎందుకని అడగండి. పొద్దున వేసుకున్న మాత్ర షుగర్‌ని మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది. పరగడుపు రీడింగ్ ముచ్చటగా కనిపిస్తుంది, నాలుగింటికి గుచ్చి చూస్తే 190. ఆ రోజుల్లో సాయంత్రం కూడా గుచ్చాలి.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే ఈస్ట్రోజన్ మాత్రలు వద్దు, క్లోమం వాచే ప్రమాదం. ప్యాచ్ గానీ జెల్ గానీ అడగండి.

ట్రాన్స్‌ఫర్‌లో ఒక్క పిండమే పెట్టించుకోండి. కవలలతో బీపీ, గర్భంలో షుగర్ రెండూ పెరుగుతాయి.

అండాలు పెంచే ఇంజెక్షన్ల రోజుల్లో కఠిన ఉపవాసాలు, కొత్త డైట్లు బంద్.

అండాలు తీశాక రోజూ పొద్దున అదే తూకం మీద బరువు చూడండి. రోజుకి కిలో మించి పెరిగినా, మూత్రం తగ్గినా, పొట్ట బిగిసి ఆయాసం వచ్చినా డాక్టర్‌కి చెప్పడానికి తెల్లారేదాకా ఆగొద్దు.

పాజిటివ్ వచ్చిన రోజు ఏ మందూ సొంతంగా ఆపొద్దు. థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచాల్సి వస్తుంది, ఆ రోజే ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు లక్ష్యాలు ఇవి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు.