గ్రామసభలో ఊరి మాట నెగ్గించుకోవడం ఎలా?

స్విట్జర్లాండ్‌లో గ్లారస్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి ఓటర్లు ఏటా మే నెలలో ఆరుబయట గుమిగూడి, చేతులెత్తి చట్టాలు చేస్తారు. 2006లో ప్రభుత్వం అక్కడి 25 స్థానిక సంస్థలను 10కి కుదిస్తామంది. ఒక సామాన్య ఓటరు లేచి, మూడు చాలన్నాడు. ఆ మూడే నెగ్గాయి, 2011లో అమల్లోకి వచ్చాయి.

అలాంటి సభ మనకూ ఉంది. రాజ్యాంగంలోని 243ఎ అధికరణం చెప్పిన గ్రామసభలో, ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ సభ్యులే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. పనుల సామాజిక తనిఖీని, అంటే లెక్కలను ఊరే చూసుకోవడాన్ని, ఉపాధి హామీ చట్టం గ్రామసభ చేతికే ఇచ్చింది. అయినా చాలా ఊళ్లలో సభ అంటే షామియానా, నాలుగు కుర్చీలు, ఒక ఫొటో. అరిచిన మాట గాలికి పోతుంది, తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిన మాటే మండలానికి చేరుతుంది. కాబట్టి కష్టమంతా ఆ ఒక్క వాక్యం మీద పెట్టండి.

ముందు తేదీ. గణతంత్ర దినం, గాంధీ జయంతి లాంటి రోజుల్లో సభ పెట్టడం మామూలే. సరైన తేదీ, వేళ పంచాయతీ కార్యదర్శిని అడగండి. వేరుశనగ పీకే రోజుల్లో ఉదయం పదకొండుకు పెడితే కూలికి వెళ్లే ఆడవాళ్లు ఒక్కరూ రారు. సాయంత్రానికి మార్చమని ముందే రాసివ్వండి.

తర్వాత పాత లెక్కలు. నిరుడు ఏ పనికి ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు కనుక, సభకు నెలన్నర ముందే మొదలుపెట్టాలి.

తీర్మానం మీరే రాయండి. స్విస్ పౌరులు రాజ్యాంగ సవరణ కోరాలంటే ముందు ఆ సవరణ వాక్యాలు రాసి, దాని మీద 18 నెలల్లో లక్ష సంతకాలు సేకరిస్తారు. మనకు అంత అక్కర్లేదు, కానీ పద్ధతి అదే. “కాలువ సమస్య తీర్చాలి” అని రాస్తే ఎవరూ కదలరు. “ఎస్సీ కాలనీ బోరింగు దగ్గర నుంచి బడి గోడ దాకా, సుమారు 120 మీటర్లు, మురుగు కాలువ కట్టాలి” అని రాయండి. టేపుతో కొలిచి రాస్తే మరీ మంచిది. ఏ నిధి నుంచో కూడా చూసుకోండి. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. అలా ఒక పనికే కేటాయించిన డబ్బుతో సిమెంటు రోడ్డు అడిగితే ఎవరైనా తిప్పి పంపుతారు.

ఒక సభకు ఒక్క కోరిక చాలు. పది అడిగితే పదీ “పరిశీలిస్తాం”లో కలిసిపోతాయి.

సభలో. కాగితం చూసి చదవండి. చేతులెత్తించమని సర్పంచిని మర్యాదగా కోరండి. ఆ వాక్యం పుస్తకంలో యథాతథంగా ఎక్కేదాకా కుర్చీ వదలవద్దు. ముఖ్యంగా, ఖాళీ పేజీలో సంతకం గానీ వేలిముద్ర గానీ వేయవద్దు. “తర్వాత నింపుకుంటాం లే అన్నా” అంటే నవ్వి, “ఇప్పుడే నింపండి, కూర్చుంటాం” అనండి.

సభ అయ్యాక. వారంలోగా తీర్మానం నకలు తీసుకోండి. ఇవ్వకపోతే మళ్లీ సమాచార హక్కు దరఖాస్తే. ఆ నకలు జతచేసి ఎంపీడీఓకు అర్జీ పెట్టి రసీదు అడగండి.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో బడ్జెట్‌ను ప్రజల ముందుకు తెచ్చింది, ఏ పనికి ఖర్చు పెట్టాలో జనం సభల్లో తేల్చేవారు. ఆ పద్ధతి తర్వాత ప్రపంచంలో వేల ఊళ్లకు పాకింది. పోర్టో అలెగ్రేలో ఏటా తొలి విడత సభల్లో నిరుటి పనుల లెక్క చెప్పేవారు, కొత్త కోరికలు ఆ తర్వాతే. మీ తర్వాతి గ్రామసభలో కూడా నకలు పట్టుకెళ్లి, కాలువ ఎంతవరకు వచ్చిందని మొదటి ప్రశ్నగా అడగండి.