చేతితో బుక్‌ఎండ్ల జత – రెండో పాఠం: కోత, కూర్పు, అడుగు రేకు

బుక్‌ఎండ్ అంటే బల్ల మీద నిలబెట్టిన పుస్తకాలు పడిపోకుండా వరస చివర ఆపే ఆనుడు. పోయిన పాఠంలో రంపం జోలికి వెళ్లలేదు. ఈ ఏడాది చదవాలనుకున్న పుస్తకాలను బల్ల మీద వరసగా నిలబెట్టి, ఆ వరస పొడవు, అందులో అన్నిటికన్నా ఎత్తయిన పుస్తకం ఎత్తు, మొత్తం బరువు కొలుచుకున్నాం. ఆ కొలతల కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ కోసే ప్రతి ముక్క కొలతా దాని నుంచే వస్తుంది.

మొదటి పాఠం చూడనివాళ్ల కోసం ఆ లెక్క ఒక్కసారి చెప్తాను. రోజుకు 10 పేజీలు చదివితే ఏడాదికి 3650 పేజీలవుతాయి. 300 పేజీల పుస్తకాలైతే పన్నెండు. డెమీ సైజులో, అంటే దాదాపు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 సెంటీమీటర్ల ఎత్తులో, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు తూగే) కాగితం మీద అచ్చయిన 300 పేజీల పుస్తకం అట్టతో కలిపి 340 గ్రాముల దాకా తూగుతుంది. మందం ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు. పన్నెండింటినీ పక్కపక్కన నిలబెడితే నాలుగు కిలోల బరువు, 20 సెంటీమీటర్ల వరస. మన జత మోయాల్సింది ఇంతే.

ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దనే చెప్తాను. అలమరలో ఎన్ని పుస్తకాలున్నా మంచిదే. బల్ల మీద, ఈ రెండు చెక్కల మధ్య మాత్రం ఈ ఏడాది నిజంగా చదవగలిగినవే ఉండాలి. ముప్పై పుస్తకాలు ఎదురుగా కనిపిస్తుంటే ఏది తీయాలో తేలక ఏదీ తీయం. పన్నెండే ఉంటే చెయ్యి దానంతటదే ఒకదాని మీదికి వెళ్తుంది. మధ్యలో ఇంకోటి చేర్చాలనిపిస్తే తప్పకుండా చేర్చండి, కానీ వరసలోంచి ఒకటి తీసి అలమరలో పెట్టాకే.

బరువు ఎక్కడి నుంచి తేవాలి

పుస్తకాలు నిటారుగా నిలబడి ఉన్నంతసేపూ బుక్‌ఎండ్‌కి పెద్దగా పని లేదు. మధ్యలోంచి రెండు పుస్తకాలు తీసినప్పుడు మిగిలినవి వాలతాయి. అసలు తోపు అప్పుడు మొదలవుతుంది. నాలుగు కిలోల వరస మొత్తం 15 డిగ్రీలు ఒక పక్కకి వాలితే, చివర ఉన్న చెక్క మీద అర కిలో దాకా తోపు పడొచ్చు. అది కూడా కింద కాదు, పుస్తకాల పైఅంచు దగ్గర. అందుకే బుక్‌ఎండ్ ఒక్కోసారి జారుతుంది, ఒక్కోసారి వెనక్కి పడిపోతుంది.

మనం చేసే చెక్క ఎల్ ఆకారం, టేకుతో చేసినా 350 గ్రాములకు మించదు. ఇంచుమించు ఒక పుస్తకం బరువు. ఉత్త బరువుతో అర కిలో తోపుని ఆపాలంటే దీనికి నాలుగైదు రెట్ల బరువుండే రాయో ఇనుప దిమ్మో కావాలి. అది బల్లలో సగం ఆక్రమిస్తుంది. ఇంతకన్నా తేలిక దారి ఒకటుంది. పుస్తకాల బరువునే వాడుకోవడం. పల్చటి రేకు ఒకటి పుస్తకాల కిందికి వెళ్లేలా పెడితే, ఆ రేకు మీద నిలబడ్డ పుస్తకాలే బుక్‌ఎండ్‌ని కదలకుండా తొక్కిపెడతాయి. గ్రంథాలయాల్లో కనిపించే, వంచిన ఇనుప రేకు బుక్‌ఎండ్ పనిచేసేది ఈ సూత్రం మీదే. అమెరికాలో విలియం స్టెబిన్స్ బర్నార్డ్ 1877లో దానికి పేటెంట్ తీసుకున్నారు. ఇప్పటికీ అంతకన్నా మెరుగైన పద్ధతి నాకు కనపడలేదు.

మరి రేకు ఎందుకు, అడుగు చెక్కనే పుస్తకాల కిందికి పెడితే పోదా అనిపిస్తుంది. పెట్టకూడదు. 18 మిల్లీమీటర్ల చెక్క మీద నిలబడ్డ పుస్తకాలు మిగతావాటికన్నా అంత ఎత్తున కూర్చుంటాయి. చెక్క అంచు దగ్గర ఉన్న పుస్తకం సగం పైన, సగం గాల్లో ఉండి పక్కకి ఒరుగుతుంది. రోజూ అలా ఒరిగి ఉంటే దాని వీపు మెలిపడుతుంది. ఒక మిల్లీమీటరు రేకైతే ఆ ఇబ్బంది లేదు. కాబట్టి మన అడుగు చెక్క పుస్తకాలకు బయటి వైపు ఉంటుంది, రేకు లోపలి వైపుకి వెళ్తుంది.

కోత

కావాల్సింది 18 మిల్లీమీటర్ల మందం, 15 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవున్న ఒకే పలక. జతకి నాలుగు ముక్కలు. నిలువు పలకలు రెండు, ఒక్కోటి 12 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు. అడుగు పలకలు రెండు, 12 వెడల్పు, 10 పొడవు. నిలువు పలక ఎత్తు ఎప్పుడూ మీ వరసలోని ఎత్తయిన పుస్తకంలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. 21.5కి 15 సరిపోతుంది. మీ దగ్గర పెద్ద సైజు పుస్తకాలుంటే ఆ మేరకు పెంచుకోండి.

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్తాను. పలక మీద పొడవునా సాగే గీతలు కనిపిస్తాయి కదా, అది చెక్క నార. నిలువు పలక అనగానే నార కూడా నిలువుగా ఉండాలని తోస్తుంది. చూడ్డానికీ అదే బాగుంటుందనిపిస్తుంది. కానీ అలా కోస్తే నిలువు పలక అడుగున నార తెగిన కొసలు వస్తాయి. ఆ కొసలు జిగురుని లోపలికి పీల్చేసుకుంటాయి, అతుకు దగ్గర తగినంత మిగలదు. స్క్రూ కూడా నార వెంబడి దిగితే పట్టు తక్కువ. అందుకే నిలువు పలకలోనూ, అడుగు పలకలోనూ నార అడ్డంగా, అతుకు గీతకి సమాంతరంగా ఉండాలి. అప్పుడు అతుకులో రెండు వైపులా నార పక్కలే కలుస్తాయి. జిగురు సరిగ్గా ఆరితే అతుకు కన్నా ముందు చెక్కే చీలుతుంది. వాతావరణం మారి చెక్క ఉబ్బినా, కుదించుకుపోయినా రెండు ముక్కలూ ఒకే దిక్కులో కదులుతాయి కాబట్టి అతుకు మీద ఒత్తిడి పడదు.

ఇలా కోయడంలో పని కూడా తక్కువే. 15 సెంటీమీటర్ల వెడల్పు పలకని 12 సెంటీమీటర్లకొకసారి అడ్డంగా కోస్తే నాలుగు ముక్కలూ వచ్చేస్తాయి. పలక వెడల్పే నిలువు పలక ఎత్తవుతుంది. అడుగు పలకలు రెండింటినీ మాత్రం నార వెంట కోసి 15 నుంచి 10కి తగ్గించాలి.

గీత పెన్సిల్‌తో గీసి ఊరుకోకండి. మూలమట్టం (90 డిగ్రీల మూల సరిచూసే పనిముట్టు) ఆనించి, పదునైన కత్తితో పలక నాలుగు పక్కలా గీత పెట్టండి. కత్తి గీత పైనున్న నారని ముందే తెంపుతుంది, రంపం వెళ్లినప్పుడు అంచు పెచ్చులు ఊడదు. రంపం ఎప్పుడూ గీతకి అవతల, పారేసే వైపున నడవాలి. రంపం దారి ఒకటిన్నర మిల్లీమీటర్లు తింటుంది, 55 సెంటీమీటర్ల పలక అడిగింది అందుకూ కలిపే.

నాలుగు ముక్కలూ వచ్చాక నిలువు పలకల అడుగు అంచుని పరీక్షించండి. మూలమట్టాన్ని అంచుకి ఆనించి వెలుతురు వైపు ఎత్తి చూడండి. సందులోంచి సన్నటి వెలుగు గీత కనపడితే అక్కడ పల్లంగా, వెలుగు రాని చోట ఎత్తుగా ఉందన్నమాట. చిత్రిక ఉంటే ఎత్తుగా ఉన్న చోట ఒకటి రెండు సార్లు పట్టండి. లేకపోతే సమంగా ఉన్న అద్దం మీద 120 నంబరు గరుకు కాగితం పరిచి, పలకని నిటారుగా పట్టుకుని అంచుని దాని మీద రుద్దండి. వెలుగు కనపడనంత వరకూ వదలొద్దు. మిగతా మూడు అంచులు కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఈ ఒక్క అంచు మీదే నిలువు పలక నిలబడాలి.

కూర్పు

నిలువు పలక లోపలి ముఖం, అడుగు పలక లోపలి అంచు ఒకే సమతలంలో ఉండాలి. పుస్తకం ఆనేది అక్కడే. చెప్పడానికి సులువే కానీ, జిగురు రాశాక చెక్క సబ్బు మీద పెట్టినట్టు జారుతుంది. క్లాంపు (చెక్కల్ని నొక్కి పట్టి ఉంచే పనిముట్టు) బిగించే కొద్దీ ఒక పక్కకి వెళ్లిపోతుంది. దీనికి పాత వడ్రంగి ఉపాయం ఒకటుంది. నిలువు పలక అడుగు అంచులో, రెండు కొసల నుంచీ 5 సెంటీమీటర్ల లోపలికి, చిన్న సన్న మేకులు ఒక్కోటి దిగ్గొట్టండి. తలలు కటింగ్ ప్లేయర్‌తో ఏటవాలుగా తెంపేసి, 2 మిల్లీమీటర్ల మొన మాత్రం బయటికి ఉంచండి. జిగురు లేకుండానే ఒకసారి పలకని సరైన చోట పెట్టి గట్టిగా నొక్కితే అడుగు పలకలో రెండు చుక్కలు పడతాయి. తర్వాత జిగురు రాసి అవే చుక్కల్లో కూర్చోబెడితే ఇక జారదు.

తెల్ల జిగురు పల్చగా, అంచు మొత్తం తడిసేలా రాయండి. క్లాంపు బిగించగానే అతుకు వెంట చిన్న చిన్న పూసల్లా జిగురు బయటికి రావాలి. రాకపోతే తక్కువైనట్టు, ధారగా కారితే ఎక్కువైనట్టు. వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. ఆరాక మిగిలిన జిగురు మరక మీద నూనె పట్టదు, వచ్చే పాఠంలో ఆ మచ్చ తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్లాంపు బిగించాక మూలమట్టం మళ్లీ లోపల పెట్టి చూడండి. బిగింపు వల్ల 90 డిగ్రీలు తప్పడం మామూలే, అప్పుడే సరిచేస్తే సరిపోతుంది. గంట తర్వాత క్లాంపు తీయొచ్చు కానీ స్క్రూల పని మాత్రం 24 గంటలు ఆగాకే.

స్క్రూలు 8 నంబరువి, 40 మిల్లీమీటర్ల పొడవు, ఒక్కో బుక్‌ఎండ్‌కి రెండు. అడుగు వైపు నుంచి, కొసలకి 2.5 సెంటీమీటర్ల లోపల, లోపలి అంచు నుంచి 9 మిల్లీమీటర్ల దూరంలో దిగాలి. 9 ఎందుకంటే నిలువు పలక మందంలో అది నడిమధ్య. ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం రెండు చెక్కల్లోకీ వేసి, తర్వాత అడుగు పలకలో వరకే దాన్ని 4.5కి పెద్దది చేయండి. స్క్రూ అడుగు పలకలో వదులుగా, నిలువు పలకలో బిగువుగా ఉన్నప్పుడే రెండింటినీ దగ్గరికి లాగుతుంది. బెజ్జం మూతిని ఏటవాలుగా తొలిచి, స్క్రూ తల చెక్కలోకి దిగేలా చూడండి. దాని మీదికి రేకు రావాలి.

రేకు, తగ్గే వరస

రేకు కొలత దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. 12 సెంటీమీటర్ల వెడల్పు పూర్తిగా రేకు వేసి, రెండు పక్కల నుంచీ 10 సెంటీమీటర్ల చొప్పున పుస్తకాల కిందికి పంపామనుకోండి. మన వరస 20 సెంటీమీటర్లు. మొదటి రోజు రెండు రేకులూ సరిగ్గా మధ్యలో ముట్టుకుంటాయి. ఒక పుస్తకం చదివేసి తీసి పక్కన పెట్టగానే బుక్‌ఎండ్‌ని దగ్గరికి జరపాలి, అప్పుడు ఒక రేకు రెండోదాని మీదికి ఎక్కుతుంది. వరస తగ్గుతూ పోవడమే కదా మనం కోరుకునేది. దానికే అడ్డుపడే బుక్‌ఎండ్ మనకొద్దు.

అందుకని రేకు వెడల్పు 5.5 సెంటీమీటర్లే పెట్టుకుందాం, 12లో సగానికన్నా కాస్త తక్కువ. ఎడమ బుక్‌ఎండ్‌కి రేకు ముందు వైపు, కుడిదానికి వెనక వైపు. అప్పుడు రెండు రేకులూ ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోతాయి, మూడు పుస్తకాలు మిగిలినా ఇబ్బంది రాదు. రేకు ఒక మిల్లీమీటరే కాబట్టి దాని మీద సగం ఆనిన పుస్తకం ముందుకో వెనక్కో వాలినట్టు కంటికి తెలియదు. ఇక్కడ జత రెండు ముక్కలూ ఒకేలా ఉండవు, ఒకటి ఇంకోదానికి అద్దంలో కనిపించే రూపం. బిగించే ముందే అడుగున పెన్సిల్‌తో ‘ఎడమ’, ‘కుడి’ అని రాసుకోండి.

రేకు పొడవు 18 సెంటీమీటర్లు. అందులో 8 అడుగు పలక కింద, 10 పుస్తకాల కింద. అల్యూమినియం కోయడానికి తేలిక, తుప్పు పట్టదు. ఇనుప రేకైతే రంగు వేయక తప్పదు. కోసిన అంచు బ్లేడులా తెగుతుంది, చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఆకురాయితో నాలుగు అంచులూ మొద్దు చేసి, మూలలు గుండ్రంగా తిప్పండి. పుస్తకాల కిందికి వెళ్లే కొస అంచుని మాత్రం ఇంకాసేపు, పైనుంచి ఏటవాలుగా ఆకురాయితో రాయండి. రేకు లోపలికి జరిపినప్పుడు పుస్తకాల కింది అంచులకు తగలకుండా జారాలి. సరిగ్గా రాశారో లేదో తెలుసుకోవాలంటే పాత పత్రిక ఒకటి రేకు మీదుగా లాగి చూడండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇంకా రాయాలి.

రేకుని 12 మిల్లీమీటర్ల చిన్న స్క్రూలు మూడింటితో, త్రికోణంగా బిగించండి. రేకులోని బెజ్జం అంచుని, దాని కింద చెక్కలో బెజ్జం అంచుని కూడా ఏటవాలుగా తొలిస్తే స్క్రూ తల రేకుతో సమంగా కూర్చుంటుంది. వేలు పెట్టి నిమిరితే తల తగలకూడదు. తగిలిందంటే అది రేపు బల్లని గీస్తుంది.

ఇప్పుడే పుస్తకాలు పెట్టి చూడాలని ఆత్రంగా ఉంటుంది, చూడండి. పన్నెండూ నిలబెట్టి, మధ్యలోంచి రెండు తీయండి. తీసేటప్పుడు పుస్తకం వీపు పైకొసలో వేలు పెట్టి లాగొద్దు, అక్కడే అట్ట చిరుగుతుంది. పక్కనున్న రెండింటినీ కాస్త వెనక్కి తోసి, నడుము దగ్గర పట్టుకుని తీయండి. అలా తీయడానికి వీల్లేనంత బిగువుగా వరస ఉంటే బుక్‌ఎండ్‌ని కొద్దిగా వెనక్కి జరపాలి. మీ దగ్గరున్న అన్నిటికన్నా లావు పుస్తకాన్ని చివర, చెక్కకి ఆనించి పెట్టండి. అది నిటారుగా ఉంటే మిగతావి దాన్ని చూసి నిలబడతాయి. పల్చటి కవితా సంపుటాలు మధ్యలో ఉండాలి, చివర పెడితే వంగిపోతాయి. నున్నటి బల్ల మీద బుక్‌ఎండ్ ఇంకా కొంచెం జారుతుంది. టెన్షన్ పడకండి, అడుగున రబ్బరు ఇంకా అతికించలేదు.

వచ్చే పాఠానికి 180, 220 నంబర్ల గరుకు కాగితాలు, చెక్కకి పట్టించే లిన్సీడ్ నూనె, ఒక మిల్లీమీటరు మందం రబ్బరు షీటు, నూలుగుడ్డ ముక్కలు సిద్ధం చేసుకోండి. ఈలోగా చెక్కకి నీళ్లు తగలనివ్వకండి. పన్నెండులో మొదటి పుస్తకం ఏదో తేల్చుకుని రోజుకి 10 పేజీలు మొదలుపెట్టేయండి, దానికి నూనె ఆరేదాకా ఆగక్కర్లేదు.