టవర్ లేని ఎయిర్‌పోర్టు దగ్గర ట్రాన్స్‌పాండర్ తిప్పలు: సమస్య - పరిష్కారం

అమెరికాలో క్లాస్ జీ (కంట్రోలర్ల అదుపులో లేని) గగనతలంలో, టవర్ లేని చిన్న ఫీల్డుల నుంచి ఎగిరేవాళ్ల కోసం ఇది. ఇక్కడ ట్రాన్స్‌పాండర్‌తో (రాడార్ అడిగితే విమానం కోడ్, ఎత్తు బదులు పంపే పెట్టె) వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి పెట్టె చెడిపోవడం కారణం కాదు. షాపుకు డబ్బు కట్టేముందు ఇవి చూడండి.

సమస్య: టేకాఫ్ తర్వాత అప్రోచ్‌ను (చుట్టుపక్కల విమానాలను రాడార్‌లో చూసే కంట్రోలర్లను) పిలిస్తే రాడార్‌లో కనపడట్లేదంటున్నారు

ముందు నాబ్ చూడండి. స్టాండ్‌బైలో (బదులివ్వని స్థితి) ఉంటే ఆల్ట్‌కు (కోడ్‌తోపాటు ఎత్తూ పంపే స్థితి) తిప్పండి. కంట్రోలర్ ఇచ్చిన నాలుగంకెల కోడ్ సరిపోల్చండి. రెండూ బాగుంటే అసలు కారణం మీ ఎత్తే కావచ్చు: రాడార్ 1030 మెగాహెర్ట్జ్‌లో అడుగుతుంది, ట్రాన్స్‌పాండర్ 1090లో బదులిస్తుంది, మధ్యలో కొండ అడ్డొస్తే రెండూ ఆగిపోతాయి. ఇంకాస్త ఎత్తుకు ఎక్కి మళ్లీ పిలవండి. నేలమీద రిప్లై లైటు మిణకడం లేదని కంగారు పడొద్దు, అక్కడ అడిగేవాళ్లే ఉండకపోవచ్చు.

ఎంత ఎక్కినా కనపడకపోతే పొట్ట కింద యాంటెన్నా చూడండి. ఇంజిన్ ఆయిల్, మసి పట్టి ఉంటుంది. సబ్బునీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. రంగు మాత్రం వేయొద్దు.

సమస్య: కంట్రోలర్ చూసే ఎత్తు, మీ ఆల్టీమీటర్ కలవడం లేదు

కాల్స్‌మన్ కిటికీలో (ఆల్టీమీటర్‌లో స్థానిక గాలి పీడనం పెట్టే చోటు) మీరు పెట్టే అంకెకూ ట్రాన్స్‌పాండర్ పంపే ఎత్తుకూ సంబంధం లేదు. ఎన్‌కోడర్ (ఎత్తును ట్రాన్స్‌పాండర్‌కు అందించే పరికరం) ఎప్పుడూ 29.92 (ప్రామాణిక పీడనం, పాదరసం అంగుళాల్లో) లెక్కనే, సాధారణంగా 100 అడుగుల మెట్లుగా పంపుతుంది, స్థానిక సర్దుబాటు అవతల కంప్యూటర్ చేసుకుంటుంది. పరీక్ష సులువు: నేలమీద ఆల్టీమీటర్‌ను 29.92కు పెట్టి, ట్రాన్స్‌పాండర్ తెరమీది అంకెతో పోల్చండి. తర్వాత స్థానిక ప్రెషర్‌కు తిరిగి మార్చడం మరవొద్దు. తేడా ఉంటే ఎన్‌కోడర్ అనుమానం. పాతరకాలు వేడెక్కడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. గాల్లో రెండూ ఒకేలా తప్పు చూపిస్తే స్టాటిక్ లైన్ (బయటి గాలి పీడనాన్ని తెచ్చే గొట్టం) లీకు వెతికించండి. గాల్లో ఉండగా "స్టాప్ ఆల్టిట్యూడ్ స్క్వాక్" అని కంట్రోలర్ అంటే ఆల్ట్ నుంచి ఆన్‌కు (ఎత్తు లేకుండా కోడ్ మాత్రమే పంపే స్థితి) తిప్పితే చాలు, పెట్టె ఆపేయక్కర్లేదు.

సమస్య: "ఫ్రీక్వెన్సీ చేంజ్ అప్రూవ్డ్" అనగానే 1200 పెట్టేశారు

1200 అంటే వీఎఫ్ఆర్ (బయట చూస్తూ ఎగరడం) విమానాల సాధారణ కోడ్. ఐఎఫ్ఆర్‌లో (పరికరాల ఆధారంగా, కంట్రోలర్ల అనుమతితో ఎగరడం) ఇది పెద్ద పొరపాటు. ఆ అనుమతి రేడియో మార్చి సీటాఫ్‌లో (టవర్ లేనిచోట పైలట్లంతా వాడే ఉమ్మడి ఫ్రీక్వెన్సీ) మాట్లాడటానికే. మీ ఫ్లైట్ ప్లాన్ ఇంకా బతికే ఉంది, మీ వెనక మరో విమానం ఎక్కడో హోల్డ్‌లో చక్కర్లు కొడుతూ ఉండొచ్చు. ఇచ్చిన కోడ్ అలాగే ఉంచండి. టవర్ లేనిచోట ప్లాన్ దానంతటది మూతపడదు, దిగాక ఫోన్ చేసి మీరే క్యాన్సిల్ చేయాలి. వీఎఫ్ఆర్ ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్‌లో గమనిస్తూ ఇతర విమానాల గురించి చెప్పే సేవ) మాత్రం "స్క్వాక్ వీఎఫ్ఆర్" అని విన్నాకే 1200.

బయల్దేరేటప్పుడు ఫోన్లో వచ్చే క్లియరెన్స్‌కు వాయిడ్ టైమ్ (ఆ అనుమతి చెల్లకుండా పోయే సమయం) ఉంటుంది. అది దాటితే ఎగరొద్దు. అరగంటలోపు కబురు చెప్పకపోతే మీకోసం వెతుకులాట మొదలవుతుంది.

సమస్య: కోడ్ మారుస్తుంటే అత్యవసర సంకేతం వెళ్లింది

నాబుల పెట్టెలతో వచ్చే చిక్కు. 2700 నుంచి 7200కు వెళ్తూ మొదటి అంకె ముందు తిప్పితే మధ్యలో 7700 (అత్యవసర పరిస్థితి) పడుతుంది. ముందు 2200 చేసి, ఆపైన 7200 పెట్టండి. 7500 (హైజాక్), 7600 (రేడియో పనిచేయడం లేదు) కూడా ఇలాగే దొర్లుతాయి.

సమస్య: ఏడీఎస్-బీ ఉన్నా ఫ్లైట్ ఫాలోయింగ్‌లో గందరగోళం

ఏడీఎస్-బీ అంటే విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే పరికరం. అందులో 978 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే యూఏటీ రకంలో అనామక మోడ్ (విమానం గుర్తింపు దాచేది) 1200తోనే పనికొస్తుంది. ఏటీసీ (కంట్రోలర్ల) సేవ అడిగేముందు దాన్ని ఆపండి. ఫ్లైట్ ఐడీలో (పరికరం ప్రసారం చేసే విమానం పేరు) ఒక్క అక్షరం తేడా ఉన్నా కంట్రోలర్ తెరమీద పేరు కలవట్లేదన్న హెచ్చరిక వస్తుంది. అద్దె విమానాల్లో పాత ఐడీ మిగిలిపోతుంటుంది, తోకమీది నంబరుతో పోల్చుకోండి.