జపాన్‌లో కొత్త సంవత్సరం: మోచి, వేయించిన సోయా గింజలతో జాగ్రత్త

డిసెంబరు సెలవులకి అమ్మానాన్నల్ని జపాన్ పిలిపించుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. స్వెట్టర్లు, మందుల చీటీలు, ఇన్సూరెన్స్ కాగితాలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. మోచి గురించి మాత్రం వాళ్లకి ముందుగా చెప్పం. మొదటి ఏడాది నేనూ చెప్పలేదు.

మోచి అంటే జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, రోట్లో దంచి చేసే ముద్ద. కొత్త సంవత్సరాన ఇంటికి వచ్చే తొషిగామి అనే దేవతకి రెండు గుండ్రటి మోచీలు ఒకదాని మీద ఒకటి పెట్టి నైవేద్యంగా ఉంచుతారు. జనవరి 1న మోచి వేసిన జోని అనే చారు తాగుతారు. తూర్పున తోక్యో వైపు చదరపు ముక్కలు, పడమట క్యోతో, ఒసాకా వైపు గుండ్రటివి వేస్తారు. ఇరుగుపొరుగు వాళ్లు ప్రేమగా పిలిచి పెడతారు, కాదనడం బాగుండదు. కాదనక్కర్లేదు కూడా, తినే పద్ధతి తెలిస్తే చాలు.

2018, 2019 రెండేళ్లలో 65 ఏళ్లు దాటినవాళ్లు 661 మంది మోచి గొంతుకి అడ్డం పడి చనిపోయారని అక్కడి ప్రభుత్వ లెక్క. అందులో 282 మంది జనవరిలోనే. పుట్టినప్పటి నుంచీ మోచి తింటున్నవాళ్లే వీళ్లంతా. చారులో వేడిగా ఉన్నంతసేపు అది మెత్తగా సాగుతుంది. నోట్లోకి వెళ్లి చల్లారేకొద్దీ గట్టిపడి, జిగురు పెరిగి, గొంతు గోడకి అతుక్కుంటుంది. వయసు మీద పడ్డాక లాలాజలం తగ్గుతుంది, నమిలే బలం, దగ్గే బలం కూడా తగ్గుతాయి. కట్టుడు పళ్లు ఉంటే ముద్ద ఎంత నలిగిందో సరిగా తెలియదు.

మా పక్కింటి ఆవిడ తన తల్లికి జోని పెట్టేటప్పుడు చూశాను. గిన్నెలోని మోచిని చాప్‌స్టిక్స్‌తో పైకెత్తితే జానెడు సాగింది. వంటింటి కత్తెరతో దాన్ని గోరంత ముక్కలుగా కత్తిరించి, మళ్లీ చారులో వేసింది. ముందు రెండు గుక్కల చారు తాగించింది. తర్వాత ఒక్కో ముక్క, అది మింగాకే రెండోది. పెద్దావిడ తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. అప్పటి నుంచి మా ఇంట్లోనూ అదే పద్ధతి. టీవీ కట్టేస్తాం, నోట్లో మోచి ఉన్నవాళ్లని ఎవరూ పలకరించరు. సోయా పిండి అద్దిన మోచి తింటూ నవ్వితే ఆ పొడికి కూడా పొలమారుతుంది. శాకాహారులు ఇంకో మాట అడగాలి: జోని చారు చాలా ఇళ్లల్లో ఎండు చేపతోనే కాస్తారు.

మనకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టి నీళ్లు తాగిస్తాం. మోచి అడ్డం పడితే అది పనికిరాదు. మనిషి దగ్గగలుగుతుంటే గట్టిగా దగ్గమనండి. మాట రాక గొంతు పట్టుకుంటే మాత్రం క్షణం ఆగకుండా ఒకరు 119కి (అక్కడి అంబులెన్స్ నంబరు) ఫోన్ చేసి "క్యూక్యూ దెస్, మోచి గా నోదొ ని త్సుమరిమాషిత" (ఎమర్జెన్సీ, మోచి గొంతుకి అడ్డం పడింది) అని చెప్పాలి. ఇంకొకరు మనిషిని ముందుకి వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఒక్క ఊపున లాగాలి. గర్భిణులకీ, ఏడాది లోపు పిల్లలకీ ఇలా పొట్ట నొక్కకూడదు. స్పృహ తప్పితే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, మిగతాది ఫోన్‌లో చెబుతారు. కనపడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు.

నైవేద్యం పెట్టిన మోచిని చాలాచోట్ల జనవరి 11న పగలగొట్టి తింటారు. బూజు కనిపిస్తే గీకి తినకండి, పారేయండి.

తర్వాత వచ్చేది సెత్సుబున్, ఎక్కువగా ఫిబ్రవరి 3న. "ఓని వ సోతొ, ఫుకు వ ఉచి" అంటూ వేయించిన సోయా గింజలు విసిరి దెయ్యాన్ని బయటికి తరుముతారు, అదృష్టాన్ని లోపలికి పిలుస్తారు. ఎన్నేళ్లుంటే అన్ని గింజలు తింటారు. ఐదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి మాత్రం ఈ గింజలు పెట్టొద్దని ప్రభుత్వమే చెబుతోంది. 2020లో ఇదే పండగ రోజు మత్సుయే నగరంలో నాలుగేళ్ల బాబు గింజ అడ్డం పడి చనిపోయాడు. చితక్కొట్టి పెట్టినా ప్రమాదమే. చిన్న పలుకు ఊపిరితిత్తుల దారిలోకి జారితే తేమకి ఉబ్బి, నిమోనియా దాకా వెళ్తుంది. స్కూల్లో ఏం చేస్తారో టీచర్‌ని ముందే అడగండి, మొహమాటపడకండి. ఇంట్లో అయితే చిన్న ప్యాకెట్లలో వచ్చే గింజలని ప్యాకెట్‌తోనే విసరండి, లేదా కాగితం ఉండలు చేసివ్వండి. పిల్లలకి కావాల్సింది దెయ్యం మాస్కు వేసుకున్న నాన్నని తరమడమే.

ఆ రాత్రే ఎహోమాకి అనే లావుపాటి సుషీ చుట్టని ఆ ఏటి మంచి దిక్కుకి తిరిగి, మాట్లాడకుండా, ఆపకుండా తింటారు. దాని పైన చుట్టే నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, పంటికి సులువుగా తెగదు. పెద్దలకీ పిల్లలకీ కోసి పెట్టండి, దిక్కుకి తిరిగి తింటే చాలు.

విడి గింజలు విసిరి ఉంటే పడుకునే ముందే సోఫా కింద, పరుపు పక్కన, తలుపు సందుల్లో ఊడ్చేయండి. పొద్దున్నే పాకుతూ వెళ్లే చంటిపిల్లకి ముందు దొరికేది అక్కడి గింజే.