గూగుల్‌లో మీ వెబ్‌సైట్‌ను పైకి తేవడం ఎలా? ఒక పూతరేకుల సైట్ కథతో

మా అక్కవాళ్లది ఆత్రేయపురం. పూతరేకులు చేసి అమ్ముతారు. రెండేళ్ల కిందట "అందరికీ వెబ్‌సైట్ ఉందిరా తమ్ముడూ, మనకీ ఒకటి చేసిపెట్టు" అని అడిగితే, ఒక శని, ఆదివారాలు కూర్చుని వర్డ్‌ప్రెస్‌లో (కోడ్ రాయకుండానే సైట్ కట్టుకునే సాఫ్ట్‌వేర్) పెట్టేశాను. ఫొటోలు బాగున్నాయి, రంగులు బాగున్నాయి. ఆరు నెలలైనా ఒక్క ఆర్డరు రాలేదు. కొట్టు పేరు పెట్టి వెతికినా గూగుల్‌లో కనబడలేదు. "నువ్వు చేసేది నిజంగా కంప్యూటర్ ఉద్యోగమేనా?" అని బావ అడిగేదాకా వచ్చింది.

ఆ తర్వాత చేసిన పనులనే వరసగా రాస్తున్నాను. మీది చీరల షాపైనా, ట్యూషన్ సెంటరైనా వరస ఇదే. దాన్ని మాత్రం తిరగేయకండి. చాలామంది చివర్లో చేయాల్సిన పనికి ముందే డబ్బు కట్టి చేతులు కాల్చుకుంటారు.

1. అసలు గూగుల్‌కు మీ సైట్ తెలుసా?

గూగుల్ సెర్చ్‌లో ఇంగ్లీషులో సైట్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైట్ అడ్రస్ కొట్టండి. గూగుల్ దగ్గర నమోదైన మీ పేజీలు వస్తాయి. ఏమీ రాలేదంటే, ఓటరు లిస్టులో పేరు లేకుండా బూత్ దగ్గర క్యూలో నిలబడ్డట్టే. ర్యాంకు సంగతి తర్వాత, ముందు పేరు ఎక్కాలి.

మాకు జరిగింది అదే. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ ఉంటుంది. సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్కు ఒకటి అందులో ఉంటుంది. సైట్ పూర్తయ్యేదాకా ఎవరి కంటా పడకూడదని నేనే పెట్టాను. తీయడం మర్చిపోయాను. ఆరు నెలలు! బావకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఆ టిక్కు తీశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఖాతా తెరవండి. మీ సైట్ గూగుల్‌లో ఎలా కనబడుతోందో సైట్ యజమానికి చూపించే టూల్ అది. ఉచితం. సైట్ మీదేనని రుజువు చేయమంటుంది. వాళ్లిచ్చే ఒక లైనును, డొమైన్ (మీ సైట్ పేరు) కొన్నచోట డీఎన్ఎస్ అనే సెట్టింగుల్లో అతికిస్తే సరిపోతుంది. తర్వాత సైట్‌మ్యాప్ ఇవ్వాలి. అంటే మీ పేజీల చిట్టా. వర్డ్‌ప్రెస్ 2020 నుంచి దాన్ని తనే తయారుచేస్తోంది, మీరు దాని అడ్రస్ ఇస్తే చాలు. ఒక్క ఫైల్లో 50,000 అడ్రసుల వరకూ పడతాయి కాబట్టి మనలాంటి వాళ్లకు ఆ పరిమితితో పనిలేదు. కొత్త పేజీ రాసినప్పుడు దాని అడ్రస్‌ను కన్సోల్ పైనున్న డబ్బాలో వేసి, ఇండెక్స్ చేయమని, అంటే తన చిట్టాలో చేర్చుకోమని ఒకసారి అడగండి. లిఫ్ట్ బటన్‌లా పదిసార్లు నొక్కినా తొందరగా రాదు.

2. జనం ఏ మాటతో వెతుకుతున్నారు?

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. దీనికి నెలనెలా డబ్బు కట్టే టూల్స్ చాలా ఉన్నాయి. చిన్న వ్యాపారానికి వాటికంటే మంచి టూల్ మీ షాపు ఫోనే. అక్కకు ఒక నోట్‌బుక్ ఇచ్చి, ఫోన్ చేసినవాళ్లు ఏమడిగితే అది వాళ్ల మాటల్లోనే రాయమన్నాను.

"ఎన్ని రోజులు నిల్వ ఉంటాయండీ?" "బెల్లంవా, పంచదారవా?" "హైదరాబాద్ పంపితే దారిలో విరిగిపోవా?" "అమెరికాలో మా అబ్బాయికి పంపుతారా?" "పెళ్లికి ఐదొందలు కావాలి, ఎన్నాళ్ల ముందు చెప్పాలి?"

పుస్తకం నిండాక చూస్తే సిగ్గేసింది. వీటిలో ఒక్కదానికీ మా సైట్‌లో జవాబు లేదు. ఉన్నదల్లా "నాణ్యతకు మారుపేరు" అని పెద్ద అక్షరాల్లో. ఆ మాటతో గూగుల్‌లో వెతికేవాడు ఎవడుంటాడు?

ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా గూగుల్‌లో టైప్ చేయండి. సగం కొట్టేసరికి కింద సూచనలు వస్తాయి, అవి జనం వెతికే మాటలే. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (మీ పాత వివరాలు వాడని) విండో తెరిచి చేస్తే మీ పాత వెతుకులాట ప్రభావం తగ్గుతుంది. మొదటి పేజీలో ఏమొస్తున్నాయో కూడా చూడండి. "పూతరేకులు ఎలా చేస్తారు" అంటే వరసగా వీడియోలొస్తాయి. అడిగేవాళ్లకు చూడాలని ఉంది, కొనాలని కాదు. అక్కడ మన అమ్మకం పేజీ పెట్టి కుస్తీ పట్టడం వృథా. ఉత్తి "పూతరేకులు" అనే మాట మీద కూడా మొదట్లో ఆశ పెట్టుకోకండి, దాని కోసం పెద్ద సైట్లన్నీ పోటీలో ఉంటాయి. "బెల్లం పూతరేకులు హైదరాబాద్ డెలివరీ" లాంటి పొడుగు మాటలను వెతికేవాళ్లు తక్కువే, కానీ వాళ్ల చేతిలో డబ్బు ఉంటుంది.

ఇంకో చిక్కు. మనవాళ్లు ఒకే మాటను తెలుగు లిపిలో కొడతారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, పూర్తి ఇంగ్లీషులోనూ అడుగుతారు. పూతరేకులనే ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. వాటన్నిటినీ పేజీలో కుక్కకండి. ఎక్కువ వాడుకలో ఉన్న స్పెల్లింగు ఒకటి తెలుగు పేరు పక్కన సహజంగా కనిపిస్తే చాలు, మిగతావి గూగుల్ చాలావరకు కలుపుకుంటుంది.

3. ఒక ప్రశ్నకు ఒక పేజీ రాయండి

ముందు టైటిల్. సెర్చ్‌లో మీ పేజీకి లింకుగా పెద్దగా కనబడేది సాధారణంగా అదే. మాది "హోమ్, వెల్‌కమ్" అని ఉండేది. "ఆత్రేయపురం బెల్లం పూతరేకులు: ధర, నిల్వ, డెలివరీ" అని మార్చాను. మరీ పొడుగైతే తోక కత్తిరిస్తారు కాబట్టి అసలు మాట ముందే రావాలి. టైటిల్ కింద వచ్చే రెండు లైన్ల వివరణ ర్యాంకును పెంచదు గానీ, నొక్కాలా వద్దా అన్నది తేల్చేది అదే. కీవర్డ్స్ ట్యాగ్ అని ఇంకొకటుంది, వెతికే మాటలను పేజీ కోడ్‌లో పైకి కనబడకుండా రాసే చోటు. దాన్ని ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దాన్ని నింపిపెడతామని డబ్బు తీసుకునేవాళ్లున్నారు.

పేజీ మొదట్లోనే జవాబు చెప్పేయండి, పురాణం తర్వాత. ఆ కింద, మీకు మాత్రమే తెలిసింది రాయండి. బోర్లించిన కుండ కింద మంట ఎంత ఉండాలి, పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద వేసి లాగేటప్పుడు చెయ్యి ఎలా తిరగాలి, పార్సిల్‌లో రేకు విరక్కుండా ఎలా సర్దుతారు... ఇవన్నీ అక్క చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి రాశాను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట అందరి సైట్లలోనూ ఉంటుంది, అక్క చేతి అనుభవం మా సైట్‌లోనే ఉంటుంది.

పక్క సైట్ నుంచి ఎత్తి రాయడం, ఏఐతో వందల పేజీలు ఒక్క రాత్రిలో దింపడం వద్దు. పసలేని పేజీలను కిందికి నెట్టే పని గూగుల్ 2011లో పాండా అనే మార్పుతోనే మొదలుపెట్టింది. ర్యాంకు కోసమే గుట్టలుగా పేజీలు పోయడాన్ని 2024 మార్చిలో స్పామ్ (సెర్చ్‌ను మోసం చేసే పనుల) నియమాల్లో చేర్చింది. ఏఐ సాయం తీసుకోవడం తప్పు కాదు. చెప్పడానికేమీ లేకుండా పేజీలు పెంచడమే తప్పు.

4. తెలుగు సైట్లకు ఉండే ప్రత్యేక తంటాలు

డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిచ్చిన మ్యాటర్‌ను నేరుగా సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అవి చూడటానికే తెలుగు, లోపల ఉన్నవి వేరే అక్షరాలు. ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ తెలుగుగా గుర్తించే పద్ధతిలోకి మార్చుకోవాలి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి చదివి సరిచూడండి.

ఆ బాధ పడలేక చాలామంది పాంఫ్లెట్‌ను ఫొటోగా పెట్టేస్తారు. బొమ్మలో ఉన్న ధరను, ఫోన్ నంబరును నమ్ముకోకండి. అవన్నీ పేజీలో అక్షరాలుగా ఉండాలి.

పేజీ అడ్రస్‌ను తెలుగులో పెట్టొచ్చు, గూగుల్‌కు అభ్యంతరం లేదు. కానీ దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు అక్షరం, దానికి తగిలే ఒక్కో గుణింతపు గుర్తు ("కా"లోని దీర్ఘం లాంటిది) విడివిడిగా తొమ్మిదేసి గుర్తులుగా మారిపోతాయి. "ఆవకాయ" అనే చిన్న మాటే 45 గుర్తులవుతుంది. అందుకే అడ్రస్ వరకూ పొట్టి ఇంగ్లీషు అక్షరాలే మేలని నేను అనుకుంటాను.

5. మామూలు ఫోన్‌లో తెరిచి చూడండి

మీ ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు వైఫైలో ఎంత బాగుందన్నది లెక్కలోకి రాదు. గూగుల్ ఇప్పుడు సైట్‌ను ఫోన్ రూపంలోనే చదువుతుంది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్‌లో అడ్రస్ వేస్తే మూడు కొలతలు చూపిస్తుంది. పేజీ తెరవగానే కనిపించేవాటిలో అన్నిటికంటే పెద్దది (ఫొటోనో, పేరానో) 2.5 సెకన్లలోపు కనబడాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. చదువుతుంటే అక్షరాలు కిందికీ పైకీ గెంతకూడదు, దీని కొలత 0.1 దాటొద్దు.

మా సైట్ నెమ్మదికి ఒకటే కారణం, నేను ఫోన్‌తో తీసి అలాగే ఎక్కించిన ఫొటోలు. ఒక్కోటి నాలుగైదు ఎంబీలు. సైజు తగ్గించి వెబ్‌పీ రకంలోకి మార్చాక సమస్య చాలావరకు తీరింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పేజీలో పస లేకపోతే మెరుపు వేగం కూడా దాన్ని మొదటి పేజీకి తేలేదు. కాబట్టి నూటికి నూరు స్కోరు కోసం నిద్ర మానుకోకండి.

6. షాపు ఉంటే మ్యాప్స్‌లో నమోదు

గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు కనబడాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవాలి, ఇది కూడా ఉచితమే. ఇంటి నుంచి చేసే వ్యాపారమైతే అడ్రస్ దాచిపెట్టి, డెలివరీ చేసే ప్రాంతాలు మాత్రం చూపించొచ్చు. పేరు దగ్గర బోర్డు మీదున్న పేరే రాయండి, "బెస్ట్", "నంబర్ వన్" తగిలిస్తే ప్రొఫైల్‌ను ఆపేసే ప్రమాదం ఉంది. రివ్యూ రాయమని కస్టమర్లను అడగండి గానీ, డబ్బూ డిస్కౌంటూ ఆశ చూపించొద్దు, అది నియమాలకు విరుద్ధం.

7. లింకులు కొనకండి

1998లో గూగుల్ పుట్టిందే లింకుల లెక్క మీద. మంచి సైట్లు మీ సైట్‌కు లింకు ఇచ్చి (దీన్నే బ్యాక్‌లింకు అంటారు) మీవైపు వేలు చూపిస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది. దీన్ని పట్టుకునే "వెయ్యి బ్యాక్‌లింకులు, మొదటి పేజీ గ్యారంటీ" అని ఫోన్లు వస్తుంటాయి. బావ నాకు చెప్పకుండా అలాంటి వాళ్లకు ఒకసారి డబ్బు కట్టాడు. వచ్చినవి ఎక్కడో పేకాట సైట్ల నుంచి, ఊరూపేరూ లేని డైరెక్టరీల నుంచి. కొన్న లింకులు స్పామ్ కిందే లెక్క. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది.

బదులుగా మీ సరుకు వాడే క్యాటరింగ్ వాళ్ల సైట్‌లో మీ పేరు వేయమనండి. కోనసీమ ప్రయాణాల గురించి రాసేవాళ్లు వస్తే కుండ దగ్గర కూర్చోబెట్టి చూపించండి. మాకు వచ్చిన ఒక మంచి లింకు అలా వచ్చిందే. ఖర్చు, ఒక పెట్టె పూతరేకులు.

8. నెలకోసారి కన్సోల్ చూడండి

టెన్షన్ పడి రోజూ చూడకండి. మార్పుల ఫలితం కనబడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ అంచనా. పర్ఫార్మెన్స్ పేజీలో 16 నెలల లెక్కలు ఉంటాయి. అందులో 8 నుంచి 20 స్థానాల మధ్య ఉన్న మాటలను వెతకండి. అంటే గుమ్మం దాకా వచ్చి ఆగినవి. ఆ పేజీలో జవాబు పూర్తిగా ఉందా, ప్రశ్న టైటిల్లో కనిపిస్తోందా, మీ మిగతా పేజీల నుంచి దానికి లింకు ఇచ్చారా అని చూసుకోండి. ఎక్కువమందికి కనబడుతున్నా ఎవరూ నొక్కకపోతే టైటిల్ మార్చి చూడండి.

మొన్న నేను చూసినప్పుడు "పూతరేకులు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా" అనే వెతుకులాటలో మా సైట్ ఎక్కడో అడుగున ఉంది. దానికి మా దగ్గర పేజీయే లేదు. ఆదివారం అక్కకు ఫోన్ చేసి అడిగి రాయాలి.