భోగి పేరంటానికి బల్ల సర్దడం ఎలా

భోగి నాటి సాయంత్రం పసిపిల్లలకు భోగిపళ్లు పోసి ఇరుగుపొరుగు వారిని పేరంటానికి పిలిచే ఇళ్లలో, అలంకరణ పేరుతో ఏటా కొనే ప్లాస్టిక్ దండలు, థర్మాకోల్ అక్షరాలు, మెరుపు కాగితాలు మర్నాటికల్లా చెత్తబుట్టలో చేరుతున్నాయి. కొన్నేళ్లుగా మా ఇంట్లో నేను ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. బల్ల మీద గాని, గోడ మీద గాని అందం కోసం ఉంచిన ప్రతి వస్తువూ ఆ రాత్రికి ఎవరి కడుపులోకో, ఎవరి జడలోకో, ఎవరి చేతిసంచిలోకో వెళ్లిపోవాలి. ఇరవై మంది పెద్దలు, ఐదారుగురు పిల్లలు వచ్చే పేరంటానికి, మామూలు అపార్ట్‌మెంటు హాలులో ఆ నియమాన్ని ఎలా అమలు చేయవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా బల్ల సంగతి. ఆరుగురు కూర్చునే భోజనాల బల్లను గోడకు ఆనించి ఉంచడం చాలా ఇళ్లలో అలవాటే గాని, అందరూ ఒకే గంటలో వచ్చిపోయే పేరంటానికి అది పనికిరాదు. బల్లను గోడకు రెండున్నర అడుగుల దూరం జరిపి, కుర్చీలన్నింటినీ తీసి గోడల వెంబడి వేస్తే, వచ్చినవారు రెండు వైపులా నడుస్తూ వడ్డించుకోగలుగుతారు. నీళ్ల బిందె, గ్లాసులు ఆ బల్ల మీద ఉండకూడదు. నీళ్ల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి కబుర్లు చెబుతూనే ఉంటారు కనుక, వాటి కోసం దూరంగా వేరే స్టూలు వేయాలి.

బల్ల మీద పరచడానికి గంధం రంగు నూలు చీర ఒకటి చాలు. మంగళగిరి నూలు చీరలో ఒళ్లంతా సాదాగా, అంచు మాత్రం నిండుగా ఉంటుంది. దానిని పొడవునా మడిచి, అంచు ముందు వైపుకు జానెడు కిందికి దిగేలా పరిస్తే, అంతకు మించిన బల్లగుడ్డ బజారులో దొరకదని నా అభిప్రాయం. పట్టుచీర జోలికి మాత్రం వెళ్లవద్దు, ఎందుకంటే పులిహోర వడ్డించే చోట పసుపు మరక తప్పదు. నూలు గుడ్డకు సబ్బు తగలగానే ఆ మరక ఎర్రబడి కంగారు పెడుతుంది గాని, ఉతికి తడిగా ఉండగానే ఎండలో ఆరేస్తే చాలా వరకు వెలిసిపోతుంది.

చీర మీద, బల్ల నడిమి భాగంలో రెండు అరటాకులను మొదళ్లు ఒకదానికొకటి తగిలేలా, కొసలు బల్ల రెండు చివరలకు వచ్చేలా పరచాలి. పచ్చి ఆకు వెనక ఉన్న దంటు ఎత్తుగా ఉండి గిన్నెలు ఒరిగిపోతాయి కనుక, దానిని చాకుతో పైపైన చెక్కేయాలి. తరవాత పొయ్యి మంట మీదుగా ఆకును ఆపకుండా నెమ్మదిగా జరుపుతూ పోతే, లేత పచ్చదనం పోయి ముదురు రంగు, మెరుపు వస్తాయి, అదే సమయంలో ఆకు గుడ్డలా మెత్తబడుతుంది. ఆ మెరుపు కనబడిన చోట ఇక మంట తగలనీయకూడదు. ఇలా వాడ్చిన ఆకు మడతపెట్టినా చిరగదు, సాయంత్రం దాకా ముడుచుకుపోదు.

ఈ ఆకుతోనే దొన్నెలు కూడా చేసుకోవచ్చు. ఆకును జానెడు చదరపు ముక్కలుగా కోసి, రెండేసి ముక్కలను ఒకదాని చారలు నిలువుగా, రెండోదాని చారలు అడ్డంగా ఉండేటట్లు జతపరచాలి. ఒకే వైపు చారలుంటే వేడి గుగ్గిళ్లు పడగానే దొన్నె చారల వెంబడి చీలిపోతుంది. నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి పైకి లేపి, వేలెడు పొడవున్న కొబ్బరి ఈనెపుల్లతో కుట్టినట్లు గుచ్చితే దొన్నె తయారవుతుంది. ఈనె ముక్కను ఆకులోంచి బయటికి, మళ్లీ లోపలికి పోనిస్తేనే పట్టు ఉంటుంది. స్టేప్లరు పిన్నులు వాడవద్దు, అవి తినే పదార్థంలోకి రాలిపడే ప్రమాదం ఉంది. పిల్లలు కూర్చుని చేస్తే నలభై దొన్నెలకు గంటన్నర పడుతుంది, వాటిలో పది వంకరగా వస్తాయి. ఆ పదింటిలో కుంకుమ, పసుపు, అక్షింతలు పెట్టుకోవచ్చు.

బల్ల నడుమ పూలకుండీ పెట్టడం మామూలు పద్ధతి. నేను అక్కడ భోగిపళ్ల చేటను పెడతాను. కొత్త వెదురు చేటకు అంచుల్లో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అందులో రేగుపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రెక్కలు, నానబెట్టిన సెనగలు, కడిగి తుడిచిన రూపాయి నాణేలు కుప్పగా కాక, రంగు పక్కన రంగు వచ్చేలా పాయలు పాయలుగా సర్దితే ఆ బల్లకు వేరే అలంకారమే అక్కరలేదు. ఒక్క బిడ్డకైతే కిలో రేగుపళ్లు సరిపోతాయి. ఈ మధ్య బజారులో ఎక్కువగా కనబడే పెద్ద ఆపిల్ రేగుపళ్లు చూడడానికి నిగనిగలాడతాయి గాని, పసివాడి నడినెత్తిన పడితే ఏడుపు లంకించుకుంటాడు, కనుక చిన్న నాటు రేగుపళ్లనే ఏరుకోవాలి. చెరకును బొటనవేలి గోరంత ముక్కలకు మించనీయకూడదు. పళ్లు పోయగానే చుట్టూ చేరిన పిల్లలు నాణేల కోసం ఎగబడతారు. ఆ సందడిలో పాకే వయసు పిల్లలు సెనగలు, నాణేలు నోట్లో పెట్టుకోకుండా చూడడానికి ఒక పెద్ద మనిషిని ముందుగానే నియమించుకోవడం మంచిది. విదేశాల్లో రేగుపళ్లు దొరకని వారు ద్రాక్షపళ్లు, పూలరెక్కలు కలుపుకోవచ్చు. అక్కడి భారతీయ దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే అరటాకులు పళ్లేల్లో పరచడానికి బాగుంటాయి గాని, కరిగాక తొందరగా చిరుగుతాయి కనుక దొన్నెలకు పనికిరావు.

దీపాల విషయంలో నాకు ఒక పాఠం దక్కింది. మొదటి ఏడాది బల్ల నాలుగు మూలలా మట్టి ప్రమిదలు వెలిగించాను. గారెలు అందుకోబోయిన మా పిన్ని పమిటచెంగు ఒక ప్రమిదను ఈడ్చుకుపోయింది. నూనె చీర మీద ఒలికి దీపం దానంతట అదే ఆరిపోవడం మా అదృష్టం. అప్పటినుంచి దీపాలను వెడల్పాటి ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి, నడుమ ఎత్తు పీట మీద నిలబెట్టి, ఆ గంగాళాన్ని ఎవరూ చేయి చాచని గోడవారన, పిల్లలకు అందని ఎత్తులో ఉంచుతున్నాను.

గుమ్మానికి మామిడాకుల తోరణం అందరూ కడతారు గాని, చాలామంది ఆకుల తొడిమలను తాడుకు ముడివేసి వదిలేస్తారు. అలా కట్టిన ఆకులు గంటలో ఒక పక్కకు జారి గుంపుగా చేరతాయి. మూడడుగుల గుమ్మానికి ఐదడుగుల పురికొస, ఒకే పొడవున్న ఇరవై ఒక్క ఆకులు తీసుకోవాలి. ఆకును కడిగి పూర్తిగా తుడిచి, తొడిమ వైపు రెండంగుళాలు పురికొస మీదుగా వెనక్కి మడిచి, మడతకు కింద ఈనెపుల్లతో గుచ్చితే అది కదలదు. ప్రతి మూడు ఆకులకు ఒక బంతిపువ్వును సూదితో గుచ్చుతూ పోతే సరిపోతుంది.

వెనక గోడకు నేను గాలిపటాలు వేలాడదీస్తాను. పలుచని రంగు కాగితాన్ని జానెడున్నర చదరంగా కత్తిరించి, ఒక మూల నుంచి ఎదురు మూలకు తిన్నని ఈనె ఒకటి, మిగిలిన రెండు మూలలను కలుపుతూ విల్లులా వంచిన ఈనె మరొకటి పెట్టి, ఉడికించిన మైదా జిగురుతో కాగితపు పట్టీలు అంటించాలి. జిగురును పలుచగా రాయకపోతే కాగితం ముడతలు పడుతుంది. పన్నెండు గాలిపటాలు గోడ నిండా కనబడతాయి, వెళ్లేటప్పుడు ఒక్కో బిడ్డకు రెండేసి ఇచ్చేయవచ్చు. వాటితో మామూలు నూలు దారమే ఇవ్వండి. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, పక్షుల రెక్కలనే కాక మనుషుల మెడలను కూడా కోసిన దారం అది.

బల్లకు అటూ ఇటూ ఆకులతో సహా నిలబెట్టిన రెండు నిండు చెరకుగడలు ద్వారంలా కనబడతాయి. కోసిన మొదలుకు చీమలు బారులు తీరకుండా ఒక్కో గడను నీళ్లు పోసిన చిన్న బకెట్టులో నిలబెట్టి, పైభాగాన్ని కిటికీ ఊచకు గాని, కుర్చీకి గాని కట్టాలి. పేరంటం అయ్యాక వాటిని ముక్కలు చేసి పంచిపెట్టడమే.

ఇక ఫలహారాలు. ఆరు రకాలకు మించితే వంటింట్లో ఉన్న మనిషికి పేరంటం కనబడదు. పులిహోర, చక్కెర పొంగలి, దధ్యోదనం, సెనగల గుగ్గిళ్లు, గారెలు, అరిసెలు ఈ సాయంత్రానికి చాలు. వీటిలో అరిసెలు మూడు రోజుల ముందే చేసుకోవచ్చు. పులిహోరకు ఇన్ని రకాల నడుమ ఇరవై మందికి కిలో బియ్యం, నూట యాభై గ్రాముల చింతపండు సరిపోతాయి. చింతపండు పులుసును ముందు రోజు రాత్రే పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, నూనె వేసి దగ్గరపడేదాకా ఉడికించి పెట్టుకోవాలి. అన్నాన్ని ఒక పలుకు మీద వార్చి, వెడల్పాటి బేసినులో ఆరబెట్టి, చేతికి వేడి తగలనప్పుడు పులుసు కలిపి, వేరుసెనగపప్పు, సెనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు వేయాలి. మధ్యాహ్నం మూడు గంటలకు కలిపిన పులిహోర ఆరు గంటలకు తింటేనే పులుపు మెతుకుకు పట్టి ఉంటుంది. దధ్యోదనానికి పెరుగు కన్నా పాలు ఎక్కువ పోసి కలిపితే సాయంత్రానికి పులవదు, దాని తెల్లదనం మీద దానిమ్మ గింజలు చల్లితే బల్ల మీద అన్నిటికన్నా ముందు కళ్లు అక్కడికే వెళతాయి.

గారెలు మాత్రం ఆఖరి క్షణంలో వేయవలసినవే. నాలుగు గంటలు నానిన మినపప్పును నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బి, చిటికెడు పిండిని నీళ్లలో వేసి చూస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బాలని అర్థం. ఉప్పు ముందే కలిపితే పిండి జారిపోతుంది కనుక, మూకుడులో నూనె కాగాకే కలపాలి. అతిథుల్లో సగం మంది వచ్చాక మొదటి వాయి దించితే వేళ సరిపోతుంది.

పదార్థాలన్నింటినీ ఒకేసారి నిండుగా బల్ల మీద పెట్టవద్దు. అరటాకు పరిచిన వెదురు బుట్టలో సగం పులిహోర పెట్టి, అది తరిగాక మిగతాది తెస్తే చివర వచ్చినవారికి కూడా బల్ల నిండుగానే కనబడుతుంది. అడ్డాకుల విస్తళ్లు ఒక చివర, వాటి పక్కన తీపి, తరవాత గారెలు, గుగ్గిళ్లు, పులిహోర, చివర దధ్యోదనం ఉంచితే వరస తప్పదు. బంతిరెక్కలు వంటకాల మీద చల్లడం ఈ మధ్య చాలా చోట్ల చూస్తున్నాను. పూల బజారులో దొరికే బంతులకు పురుగుమందులు కొడతారు, పైగా సన్నని పురుగులు వాటిలో దాగి ఉంటాయి. పూలు చేటలోనో గుమ్మానికో ఉండాలి గాని తినే పదార్థానికి తగలకూడదు.

జనవరిలో మల్లెలు ఉండవు, కనకాంబరాలు, చేమంతులు, మరువం దొరుకుతాయి. మూరలుగా తెచ్చిన కనకాంబరాల మాలను బల్ల అంచున తోరణంలా వేలాడదీసి, వచ్చినవారు బయలుదేరేముందు కత్తెరతో అరమూర చొప్పున కోసి ఇస్తే జడలో పెట్టుకుంటారు. మాల వాడకుండా గంటకోసారి తడి చేత్తో నీళ్లు చిలకరిస్తే చాలు. తాంబూలాలకు గుమ్మం పక్కన వేరే పీట ఉండాలి. రెండు తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, పసుపు, కుంకుమ, నానబెట్టిన సెనగలు ముందుగానే చిన్న సంచుల్లో సర్ది పెట్టుకోకపోతే, చివరి అరగంట అంతా తమలపాకులు లెక్కపెట్టడంతోనే సరిపోతుంది.

నేను పెట్టుకున్న నియమం నుంచి మినహాయింపు పండక్కి మెట్ల మీద పేర్చే బొమ్మల కొలువులోని బొమ్మలకు మాత్రమే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క రంగులు అద్ది చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని పొడిగుడ్డతో తుడిస్తే మళ్లీ మెరుస్తాయి. కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్ల పొణికి కర్రవి. వాటి అతుకులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పెట్టినవి కనుక తడిగుడ్డ తగలనీయకుండా మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. కనుమ రాత్రి మా ఇంట్లో కొలువులోని ఒక బొమ్మను మెట్టు మీద పడుకోబెడతాము. మర్నాడు ఉదయం ఒక్కొక్క బొమ్మనూ పాత ధోవతి ముక్కలో విడివిడిగా చుట్టి, పెట్టె అడుగున ఎండిన వేపాకు పరిచి సర్దుతాము. గుమ్మానికి ఉన్న మామిడాకులు ఎండి గలగలలాడే దాకా అక్కడే ఉంటాయి.